వానలలోపు ఒక విమానం

ఏప్రిల్ 9

బుడంకాయ్,

ముందుగా ఒక సవరణ. "తాతయ్య విమానం అమ్మేశావట" అని రాశావు. అది ఏనాడూ మీ తాతయ్య విమానం కాదు. కొన్నది నేను, నడిపింది నేను, దాని పొట్ట కింద పడుకుని ఒళ్లంతా నూనె చేసుకున్నది నేను. ఆయన ఎక్కేవారు, కళ్లు మూసుకునేవారు, దిగాక "బాగా నడిపావోయ్" అనేవారు. విమానం లెక్కలో ఆయన సామాను. మంచి సామాను, కదలకుండా కూర్చునే సామాను, కాదనను. యజమాని మాత్రం కాదు.

రెండో సవరణ. అమ్మలేదు, విడగొట్టాం. ఈసారి తనిఖీలో మా మెకానిక్కు రెక్క మొదట్లో దీపం పెట్టి చూసి, నన్ను కూడా చూడమన్నాడు. ఇనుము తుప్పు ఎర్రగా ఉంటుంది, అల్యూమినియం తుప్పు పిండి చల్లినట్టు తెల్లగా ఉంటుంది. గోటితో గీకితే పొరలుగా లేచింది. రెక్కను మోసే దూలం అది. దాన్ని బాగుచేయించడం కంటే ఇంకో విమానం కొనుక్కోవడం మేలు. ఇంజను ఒకరు పట్టుకెళ్లారు, చక్రాలు ఇంకొకరు. మిగిలిన ఒళ్లు ఇంకా షెడ్డులోనే ఉంది, ఈకలు పీకిన కోడిలాగా. నేను అటు పోవడం మానేశాను.

ఇక పని. వానలు మొదలయ్యేలోపు నాకు ఇంకో విమానం కావాలి. పాతదే. మీ చిన్నమ్మమ్మకు ఒంట్లో బాగాలేదు. పోయినేడు కొండ విరిగి దారి మీద పడ్డప్పటి నుంచి ఆవిడ ఊరికి రోడ్డు మీద పోవాలంటే చుట్టూ తిరగాలి, పొద్దున బయలుదేరితే చీకటి పడుతుంది. నా తుంటిలో డాక్టరు దిగగొట్టిన మేకులు అంతసేపు బస్సులో కూర్చోనివ్వవు. గాలిలో అయితే ఫ్లాస్కులో కాఫీ చల్లారేలోపు.

అమ్మకానికి ఉన్నవన్నీ మీ నగరం చుట్టుపక్కలే ఉన్నాయి. నేను రాలేను. నీకు లైసెన్సు ఉంది, క్లబ్బులో ఎగురుతున్నావు, నాలుగు ముక్కలు నా దగ్గరే నేర్చుకున్నావు. కాబట్టి పోయి చూడు. మొదటిది ఒక పళ్ల డాక్టరుది, చిరునామా ఇందులో పెట్టాను.

చెప్పిన వేళ కంటే ముందే పో. ఎవరినీ పలకరించకముందే ఇంజను మూత మీద అరచెయ్యి పెట్టు. వెచ్చగా ఉందా, చల్లటి ఇంజను పెట్టే పేచీ నీ కంట పడకూడదని ముందే ఒకసారి తిప్పి ఉంచారన్నమాట. తర్వాత లోపల కూర్చుని తలుపులు మూసుకుని ముక్కుతో చూడు. బూజు వాసన వస్తే వాన నీళ్లు దిగుతున్నాయి. సెంటు వాసన వస్తే ఇంకా ఎక్కువ దిగుతున్నాయి. ఎంత తిరిగిందని అందరూ అడుగుతారు, నువ్వు ఎంతకాలం తిరగకుండా పడి ఉందో అడుగు. తిరిగిన ఇంజను అరుగుతుంది, కూర్చున్న ఇంజను కుళ్లుతుంది. ఎందుకు అమ్ముతున్నారని కూడా అడుగు. జవాబు వినక్కర్లేదు. జవాబు చెప్పేటప్పుడు మనిషి విమానం వైపు చూస్తాడా నీ వైపు చూస్తాడా, అది చూడు చాలు.

ఫోను చెయ్యకు. ఇన్నేళ్లు ఇంజను పక్కన కూర్చున్న చెవులకు ఫోను దోమ రొద లాంటిది. పైగా ఫోనులో "బాగుంది" అని ఎవరైనా అనేస్తారు. కాగితం మీద రాయాలంటే చెయ్యి కాస్త ఆగుతుంది. ఆ ఆగడం నాకు కావాలి.

కాలు తప్ప తక్కినదంతా సవ్యంగా ఉన్న
అమ్మమ్మ


ఏప్రిల్ 17

అమ్మమ్మా,

సవరణలు రెండూ అందాయి. తాతయ్యను సామాన్లలో చేర్చాను. పైనుంచి వింటుంటే ఆయనే ఒప్పుకుంటారు.

పళ్ల డాక్టరు విమానం చూశాను. ముందే వెళ్లాను. చెయ్యి పెడితే చురుక్కుమంది. "ఎండ తగిలిందమ్మా" అన్నాడు. విమానం ఉన్నది షెడ్డులో, షెడ్డు తలుపు తీసింది అప్పుడే. లోపల కూర్చుంటే పెళ్లికూతురి గదిలో కూర్చున్నట్టుంది, అంత సెంటు. సీట్లకు కొత్త తోలు, కార్పెట్టు ఎత్తితే కింద చెమ్మ. ఎందుకు అమ్ముతున్నారని అడిగితే విమానం వైపూ చూడలేదు, నా కళ్లలోకీ చూడలేదు. నా పళ్లు చూస్తూ జవాబిచ్చాడు. కింద వరసలో ఒకటి పుచ్చిందట, అది మాత్రం నిజమే అనుకుంటా. విమానం వద్దు.

మా మ్యాపుల ఆఫీసులో ఎప్పటి గోలే. మా పెద్దాయన పటాల మీద వేరుశనక్కాయలు ఒలుచుకుని తింటాడు. నిన్న ఒక పొట్టు ముక్కను దిబ్బ అనుకుని నేను గీత కూడా గీసేశాను.

ఇక చిన్నమ్మమ్మకు ఒంట్లో బాగాలేదన్న వార్త. అమ్మకు చదివి వినిపిస్తే వంట చేస్తూనే నవ్వింది. "నా పదో తరగతి పరీక్షలప్పుడు బాగాలేదు. మా మేనత్తలు దిగిన ప్రతిసారీ బాగాలేదు. ఇంటికి సున్నాలు వేయించిన వారమంతా మంచం దిగలేదు. పాపం పిన్నికి మన ఇంటి క్యాలెండరు చూసుకునే జబ్బులు వస్తాయి" అంది. నిజమే కదా అమ్మమ్మా. మన ఇంట్లో ఆ మాట జబ్బు కబురు కాదు, వాతావరణ సూచన. ఆకాశం నిర్మలంగా ఉంది, అమ్మమ్మ ఎగరబోతోంది.

కళ్లజోడు మార్పించుకుంటానన్నావు. మార్పించావా? అమ్మ అడగమంది. నేను కూడా అడుగుతున్నాను.

పుచ్చుపన్ను
బుడంకాయ్


ఏప్రిల్ 25

బుడంకాయ్,

పళ్ల డాక్టరు సంగతి శుభ్రంగా చూశావు. కార్పెట్టు ఎత్తమని నేను చెప్పలేదు, నువ్వే ఎత్తావు. అది నచ్చింది. ఆ పన్ను కూడా చూపించుకో, వాళ్లు ఉచితంగా చెప్పే నిజాలు అరుదు.

కళ్లజోడు మార్పించాను. చూపు పరీక్ష కూడా అయింది. అక్షరాల పటం పైనుంచి కిందికి చదివాను, చాలదేమోనని కిందినుంచి పైకి కూడా చదివాను. "బట్టీ పట్టారా ఏమిటి" అన్నాడు ఆ డాక్టరు. ఏళ్ల తరబడి అదే పటం గోడకు తగిలించుకుని కూర్చున్నవాడు అడగాల్సిన ప్రశ్న కాదది.

మీ అమ్మ నవ్విందన్నావు. నవ్వనీ. నీకు తెలియనిది కాస్త చెబుతాను. పెళ్లయిన కొత్తలో నేను గాలిలోకి పోవాలంటే ఇంట్లో ఒక కారణం చూపించాలి. గాలి బాగుంది అన్నది కారణం కింద లెక్క కాదు. చెల్లెలికి ఒంట్లో బాగాలేదంటే ఎవరూ నోరెత్తరు. అది మా ఇద్దరి ఏర్పాటు. నా కోసం ఆవిడ పడని జబ్బు లేదు. ఒకసారి ఏ జబ్బు చెప్పి వచ్చానో ఆవిడకు ముందుగా చెప్పడం మరిచిపోయాను. మీ తాతయ్య ఎదురుపడి "కాలు ఎలా ఉందమ్మా" అని అడిగితే, ఆవిడ ఖళ్లుఖళ్లున దగ్గి "కాస్త తగ్గింది బావగారూ" అంది. ఆయనకు అప్పుడే అర్థమై ఉంటుంది. ఏమీ అనలేదు. సామాను అని ఊరికే అనలేదు నేను, మంచి సామాను అన్నాను.

ఇప్పుడు ఆవిడకు గొంతులో ముద్ద దిగడం లేదు. పక్కింటి టీచరమ్మ చేత రాయించింది. "నీ కోసం ఇన్నేళ్లూ పడ్డ జబ్బులన్నీ వడ్డీతో సహా వచ్చాయి అక్కయ్యా" అని. చదివి నవ్వాను. తర్వాత ఇంకోసారి చదివాను.

ఈసారి నిజంగా అని రాయమంటావా. రాయను. మాటకు ముందు "నిజంగా" తగిలించేది అబద్ధాలు చెప్పేవాళ్లు.

రెండో విమానం చిరునామా ఇదిగో. మందుల షాపు ఆవిడ అమ్ముతోంది, భర్త పోయాడట. రెక్కలు నెత్తిమీద ఉండే రకం, నాలుగు సీట్లు, నా పాతదానికి తోబుట్టువు. ఆ రకం గడ్డి మీదా దిగుతుంది, రాళ్ల మీదా దిగుతుంది, మాట కూడా వింటుంది. ఇవాళో రేపో పోయి చూడు. పాత విమానాలు మంచివైతే ఎక్కువ రోజులు కూర్చోవు.

మేకుల
అమ్మమ్మ


మే 6

అమ్మమ్మా,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఆఫీసులో పని.

మందుల షాపు ఆవిడ విమానం చూశాను. చెప్పాలంటే బాధగా ఉంది కానీ పనికిరాదు. బయటికి చూడ్డానికి బాగానే ఉంది. పెట్రోలు పంపు స్విచ్చి వేస్తే ఈల వేసినట్టు మోత, అది ఎప్పుడైనా పోయేట్టుంది. పొట్ట కింద నూనె. రెక్క మొదట్లో దీపం పెట్టి చూస్తే నువ్వు చెప్పిన తెల్ల పిండి. చాలాకాలంగా ఎగరలేదు కూడా. వద్దు.

ఇంకో మాట. అమ్మా నేనూ మాట్లాడుకున్నాం. వానలు మొదలయ్యేలోపు మంచి విమానం దొరకడం కష్టం. తొందరపడి కొనడం నీకే ఇష్టం ఉండదు. వానలు తగ్గేదాకా మా దగ్గరికి వచ్చి ఉండు. వీధి వైపు గది ఖాళీ చేశాం. నీ పుస్తకాలకు అమ్మ అల్మరా కూడా కొట్టించింది. నిన్ను కారులో నెమ్మదిగా, మధ్యలో ఆపుకుంటూ తీసుకొస్తానని నాన్న అంటున్నాడు. వానలయ్యాక తీరుబడిగా వెతుకుదాం.

చిన్నమ్మమ్మ వడ్డీ మాటకు అమ్మా నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం. ఆవిడను అడిగానని చెప్పు. వానలయ్యాక పనికొచ్చే జబ్బు ఒకటి ఇప్పటినుంచే చూసిపెట్టుకోమను.

నీ
బుడంకాయ్


మే 13

మనవరాలికి,

ఆ రకం విమానానికి పెట్రోలు పంపు ఉండదు.

ట్యాంకులు రెక్కల్లో, రెక్కలు నెత్తిమీద. పెట్రోలు తన బరువుకు తానే కిందికి దిగుతుంది. డాబా మీద తొట్టి ఉన్న ఇంట్లో కుళాయికి పంపు బిగిస్తారా. నీ చిన్నప్పుడు గిన్నె ఒకటి బల్ల మీద పెట్టి, గొట్టం వేలాడదీసి ఇదంతా నీకు చూపించాను. నీళ్లు వంటిల్లంతా పారితే మీ అమ్మ ఇద్దరినీ కలిపి తిట్టింది. క్లబ్బులో నువ్వు నడిపేదానికి రెక్కలు కింద. దానికి పంపు ఉంటుంది, మోతా ఉంటుంది. ఎరిగిన మోతను తీసుకెళ్లి ఎరగని విమానానికి తగిలించావు. అంటే ఆ షెడ్డు గుమ్మం తొక్కలేదు నువ్వు.

ఇందులో మీ అమ్మ చెయ్యి ఉందని నాకు తెలుసు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేదాన్ని నేనే కదా కన్నాను. కానీ రాసిన చెయ్యి నీది.

మన ఇంట్లో అబద్ధాలకు కరువు లేదు, చాలావరకు నావే. అయితే మనిషి గురించి చెప్పిన అబద్ధాన్ని ఇంకో మాటతో సర్దుకోవచ్చు. విమానం గురించి చెప్పిన అబద్ధంలో మనుషులు ఎక్కి కూర్చుంటారు. చూడనిదాన్ని చెడ్డదన్నావు. రేపు చెడ్డదాన్ని మంచిదంటావో అనవో నాకెలా తెలియాలి. నీ కళ్లను అరువు తెచ్చుకుని ఇంత దూరం నుంచి చూస్తున్నాను. వాటికి గంతలు కట్టి పంపావు.

ఇప్పుడు చెల్లెలి సంగతి. హాస్యం తీసేసి రాస్తున్నాను. మా ఇద్దరికీ ఏడుపు వచ్చినా హాస్యంలోనే వస్తుంది, దాన్ని మీరు హాస్యంగానే చదువుతున్నారు.

ఆవిడ గొంతులో కాయ ఉంది. అన్నం ఎప్పుడో మానేసింది. పోయిన నెల గంజి దిగేది, ఇప్పుడు గంజి మీది తేట ఒక్కటే దిగుతోంది. మనిషి చిక్కిపోయి గాజులు మోచేతి దాకా పోతున్నాయని టీచరమ్మ రాసింది. అక్కడి డాక్టరు పెద్దాసుపత్రికి చేర్చమంటున్నాడు. పొట్టలోకి గొట్టం వేస్తే తిండి పడుతుంది, ఒంట్లోకి కాస్త బలం వచ్చాక కాయ సంగతి చూస్తారు. గతుకుల మీద అంత దూరం మాత్రం ఆవిడ ప్రాణం ఆగదట. అంబులెన్సు విమానం వాళ్లను అడిగాను. ఆ ఊరి గడ్డి రన్‌వే పొడుగు వాళ్ల విమానానికి చాలదు. మీ క్లబ్బు విమానం చక్రాలు ఆ గడ్డికి నిలవవు.

నేను చూసి రావడానికి విమానం అడిగానని మీరు అనుకున్నారు. తీసుకురావడానికి అడిగాను.

ఈ పూటే మందుల షాపు ఆవిడకు రాశాను, కొంటున్నానని, చూడకుండానే. పుట్టి బుద్ధెరిగాక నేను గుమ్మడికాయ కూడా చూడకుండా కొనలేదు.

వీధి వైపు గదిలో మీ నాన్నను పడుకోమను. గాలి బాగా వస్తుంది.

అమ్మమ్మ


మే 20

అమ్మమ్మా,

ఏం రాయాలో తెలియక రెండుసార్లు చింపేశాను. వెళ్లలేదు. నువ్వన్నదంతా నిజం. అమ్మ చెప్పమంది, అయినా చెప్పింది నేనే.

అమ్మ నిన్న టీచరమ్మకు ఫోను చేసింది. చిన్నమ్మమ్మతో మాట్లాడతానంటే, టీచరమ్మ ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టిందట. అవతల నుంచి ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. అమ్మ ఫోను పెట్టేసి మెట్ల మీద కూర్చుండిపోయింది. "పిన్నిని చూసి నవ్వాను" అని ఒకటే మాట.

ఎందుకు చేశానో చెప్పాలి. చెప్పినంత మాత్రాన తప్పు తగ్గదని తెలుసు. పోయిన సెలవుల్లో మనిద్దరం ఎగిరాం కదా. దిగేటప్పుడు నువ్వు రన్‌వే వదిలేసి, దాని పక్కన కొత్తగా వేసిన రోడ్డు మీదికి దించబోయావు. రోడ్డు మీద లారీ ఉంది. నేను స్టీరింగు లాగి పట్టుకున్నాను. కిందికి వచ్చాక "గాలి తోసింది" అన్నావు. ఆ రోజు గాలి లేదు అమ్మమ్మా. గాలి చూసే గుడ్డ కర్రకు వేలాడుతూ ఉంది, కదలలేదు. నువ్వు మళ్లీ ఒక్కదానివే ఎక్కుతావని భయమేసింది. నీకు కళ్లు కనపడటం లేదని నీ మొహం మీదే చెప్పడం కంటే విమానం బాగాలేదని చెప్పడం తేలికైంది.

పోయిన శనివారం వెళ్లాను. ఈసారి చూసింది చూసినట్టు రాస్తున్నాను.

ఇంజను మూత స్టీలు గ్లాసంత చల్లగా ఉంది. చల్లటిదే రెండో తిప్పుకు అందుకుంది. లోపల వాసన పాత తోలుది, పెన్సిలు చెక్కుది. రెక్కల మొదట్లో రెండు పక్కలా దీపం పెట్టి చూశాను, పొట్ట కింద వెల్లకిలా పడుకుని చూశాను. పిండి లేదు. మా క్లబ్బు మెకానిక్కును తీసుకెళ్లాను. నూనె వడగట్టే డబ్బా కోసి, లోపలి కాగితం విప్పి ఎండలో పరిచి చూపించాడు. లోహం నలుసు ఒక్కటి కూడా మెరవలేదు. చెడ్డవి కూడా రాస్తాను. కుడి బ్రేకు మెత్తగా ఉంది, వెనక చక్రం టైరు పగుళ్లు, రేడియోలో గరగర. బ్రేకు, టైరు మారుస్తున్నారు.

ఎందుకు అమ్ముతున్నారని అడిగాను. ఆవిడ విమానం వైపే చూసింది. "ఆయన ఉన్నప్పుడు నేను ఇందులో నిద్రపోయేదాన్ని. ఇప్పుడు ఇంకెవరు నడిపినా నిద్ర రాదు" అంది. మేం చూస్తున్నంతసేపూ కుడి సీటులోనే కూర్చుంది.

"ఎవరు నడుపుతారమ్మా, మీ అమ్మమ్మగారేనా?"

"నేను నడుపుతానండీ."

ఆవిడ ముందు అనేశాను, నీకు ఇప్పుడు చెబుతున్నాను. బయానా ఇచ్చేశాను. కాగితాలు నీ పేరు మీదికి మారడానికి జూన్ మొదటి వారం పడుతుందట. అవగానే మీ ఊరికి నేనే నడుపుకుంటూ వస్తాను. అక్కడి నుంచి ఇద్దరం కలిసి చిన్నమ్మమ్మ దగ్గరికి పోదాం. ఒక్కటే షరతు. నడిపేవాళ్లు కూర్చునే ఎడమ సీటు నాది. నువ్వు కుడి సీటులో కూర్చుని ఎంత తిట్టినా పడతాను.

బుడంకాయ్ అని రాసే మొహం లేదు.
నీ మనవరాలు


మే 27

బుడంకాయ్,

ఉత్తరం అందింది. మందుల షాపు ఆవిడ కూడా రాసింది. మీ అమ్మాయి విమానం కింద పడుకుని లేచాక చొక్కా వెనక భాగం ఉతుక్కు పనికిరాకుండా పోయిందని. నీ ఉత్తరం కంటే ఆ చొక్కాను ఎక్కువ నమ్మాను. రేడియో గరగర రాశావు చూడు, అక్కడ నీ మీద నమ్మకం కాస్త తిరిగొచ్చింది. వట్టి మెప్పు రాసి ఉంటే వచ్చేది కాదు.

కోపం పోయిందా అని అడక్కు. తీసి పక్కన పెట్టాను, పారేయలేదు. మే నెలలో పోయిన వారాలకు ఆవిడ ఒంట్లో ఏం పోయిందో నీకు తెలుసు. అది నువ్వు మోయాల్సిందే. విమానం నడిపే పూట మాత్రం దాన్ని కిందే వదిలి ఎక్కు. ఆ పొట్టి రన్‌వే మీద అదనపు బరువుతో లేవలేవు.

నీ షరతు చదివాను. ఎడమ సీటు నీదే. వాదించడానికి నా దగ్గర చాలా ఉంది, తీరిక లేదు. ఆ లారీ నాకు కనపడలేదు. దాని మోత కూడా వినపడలేదు. ఇక ఆ సంగతి ఎత్తకు.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా చదువు. నన్ను ఎక్కించుకోవడానికి రాకు.

నిన్నటి నుంచి కొండల మీద మధ్యాహ్నానికల్లా మబ్బు కూర్చుంటోంది. వానలు ఈసారి ముందే వచ్చేట్టున్నాయి. నువ్వు ఇటు వచ్చి, నన్ను ఎక్కించుకుని, మళ్లీ కొండలు దాటి పోవాలంటే రెండు పొద్దుటి పూటలు తెరిపి దొరకాలి. జూన్‌లో ఒక పూట దొరికితే అదృష్టం. మీ వైపు కొండలు పొట్టివి, అక్కడి నుంచి ఆవిడ ఊరు దగ్గర. తిన్నగా అక్కడికే పో. వెలుగు రాగానే బయలుదేరు. దిగేముందు ఒకసారి రన్‌వే మీదుగా తక్కువ ఎత్తులో పో, మేకలను తోలడానికి ఎవరో ఒకరు పరిగెత్తుకొస్తారు. ఆ రన్‌వే ఏటవాలుగా ఉంటుంది, ఎత్తు వైపు చూసుకుంటూ దిగు, పల్లం వైపు తిరిగి పైకి లే. ఇవన్నీ నాతో చాలాసార్లు చేశావు.

ఆవిడను ఎక్కించాక ఆకాశం చూడు. కొండలు కనపడుతుంటే ఇటు తీసుకురా. ఆసుపత్రి బండితో రన్‌వే చివర నేను నిలబడి ఉంటాను. కొండల తలలు కనపడకపోతే ప్రయత్నించకు. సందుల్లోంచి దూరిపోదామని అసలు చూడకు. వెనక్కి తిరిగి మీ ఊరికే తీసుకుపో. మీ ఊళ్లోనూ పెద్దాసుపత్రి ఉంది. డాక్టర్లు వాళ్లే, గొట్టాలు అవే. అక్కడ నేను ఉండను, అంతే తేడా. ఆ తేడా కోసం కొండ దాటకు. మీ అమ్మకు కూడా చెప్పాను, పిన్ని పక్కన కూర్చోవడానికి సిద్ధంగా ఉండమని. నవ్వినందుకు అదే శిక్ష.

నీకు తెలియనిది ఒకటుంది. ఇన్నేళ్లలో మీ చిన్నమ్మమ్మ ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. మెట్టు దగ్గర నిలబడి చెయ్యి ఊపేది, అంతే. ఎక్కమంటే "నువ్వు పైకి పోవడానికే నాకు ఇన్ని జబ్బులు, నేను కూడా పోతే ఎవరు పడతారు" అనేది. భయం. చెయ్యి పట్టుకోవడానికి నేను ఉంటాననుకున్నాను. టీచరమ్మ వస్తానంటోంది, సన్నటి మనిషి. ఆవిడకు చోటుంది, నాకూ నా మేకులకూ లేదు. లేచేటప్పుడు ఇంజను మోత పెరుగుతుందనీ, పైకి వెళ్లాక తగ్గుతుందనీ చెల్లెలికి ముందే చెప్పు. తగ్గినప్పుడు ఆగిపోయిందనుకుని హడలిపోతుంది. మాట రాకపోయినా చెవులు బాగానే వినపడతాయి ఆవిడకు. నా చెవుల కంటే నయం. నాన్చకుండా, పేరు పెట్టి పిలిచి చెప్పు.

ఇక నువ్వు చేయాల్సిన పని. ఆవిడ కూర్చోలేదు, పడుకోబెట్టి తేవాలి. కుడి పక్క సీట్లు ముందుదీ వెనకదీ విప్పించు. ఎడమ పక్క వెనక సీటు టీచరమ్మకు ఉంచు. విప్పాక ఖాళీ అయిన నేల పొడుగూ వెడల్పూ నువ్వే టేపు పెట్టి కొలువు, మందుల షాపు ఆవిడను అడిగి రాసుకోకు. తలుపు వెడల్పు కూడా కొలువు, లోపల పట్టే పరుపు తలుపులో పట్టకపోతే వీధిలో నిలబడాలి. ఆ కొలతలతో పరుపుల కొట్టుకు పోయి స్పాంజి కోయించు. మెత్తదా గట్టిదా అని అడుగుతాడు. మెత్తదే మంచిదని వాదిస్తాడు కూడా, ధర ఎక్కువ కాబట్టి. గట్టిదే తీసుకో. తల వైపు ఏటవాలుగా ఎత్తు పెట్టించు, వెల్లకిలా పడుకుంటే ఆవిడకు ఊపిరి ఆడదు. నడుము దగ్గరా మోకాళ్ల దగ్గరా పట్టీలు దూర్చడానికి చీలికలు కోయించు. తొడుగు నూలుది కుట్టించు, సిల్కుది జారుతుంది. ముదురు రంగు వద్దు, ఆవిడకు గిట్టదు. ఆదివారం కొట్టు తీయరు. శనివారం పొద్దున్నే పో.

అమ్మమ్మ